రాగి ఐసోటోపుల్లో టెన్సర్ బలం: మైనస్ మూడు అనుకుంటే ప్లస్ మూడొచ్చింది

రాగి కేంద్రకాల్లో టెన్సర్ బలం (రెండు కణాల స్పిన్‌లు వాటిని కలిపే గీతకి ఏ దిశలో ఉన్నాయన్నదాన్ని బట్టి మారే కేంద్రక బలం) లెక్క నిన్న రాత్రే తేలింది, మరిచిపోకముందే రాస్తున్నాను.

రాగిలో 28 ప్రోటాన్ల షెల్ నిండగా మిగిలిన ఒక్క ప్రోటాన్ పీ 3/2 కక్ష్యలోనో ఎఫ్ 5/2 కక్ష్యలోనో (అక్షరం కక్ష్య రకం, భిన్నం దాని మొత్తం కోణీయ ద్రవ్యవేగం) ఉంటుంది. న్యూట్రాన్లు 40 దాటాక జీ 9/2లో చేరుతుంటే స్పిన్ 5/2 శక్తి స్థాయి కిందికి జారుతుంది: రాగి-69లో 1.2 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు; కేఈవీ అంటే వెయ్యి), రాగి-71లో 534 కేఈవీ, రాగి-73లో 166. రాగి-75లో అదే గ్రౌండ్ స్టేట్ (అన్నిటికంటే కింది స్థాయి) అయిపోయింది. ఆ స్పిన్‌ని 2009లో సెర్న్‌లోని ఐసోల్డే ప్రయోగశాలలో లేజర్‌తో కొలిచి తేల్చారు. ఈ జారుడులో టెన్సర్ బలం వాటా ఎంతో చూడాలి.

మొదటి మెట్లు సులువే. కక్ష్యలకి హార్మోనిక్ ఆసిలేటర్ (స్ప్రింగ్ లాంటి పొటెన్షియల్) తరంగ ప్రమేయాలు తీసుకున్నాను, ద్రవ్యసంఖ్య 70కి క్వాంటం శక్తి 9.45 ఎంఈవీ. టెన్సర్ బలాన్నిచ్చే పై (π), రో (ρ) మేసాన్ల పొటెన్షియల్‌ని 0.7 ఫెర్మీ లోపల కత్తిరించాను. ఎఫ్ 5/2, జీ 9/2 జంటకి మొత్తం కోణీయ ద్రవ్యవేగం జే 2 నుంచి 7 దాకా వస్తుంది. ప్రతి జేకి వచ్చిన బలం విలువనీ 2జే+1తో గుణించి, కూడి, 60తో భాగిస్తే వచ్చే సగటే మోనోపోల్.

చిక్కంతా ఐసోస్పిన్ (ప్రోటాన్, న్యూట్రాన్‌లని ఒకే కణం రెండు రూపాలుగా చూపే క్వాంటం సంఖ్య) దగ్గరే. ఈ బలాన్ని గుణించే, రెండు కణాల ఐసోస్పిన్ మాత్రికల (τ) లబ్ధం విలువ జంట మొత్తం ఐసోస్పిన్ టీ=0 అయితే మైనస్ 3, టీ=1 అయితే ప్లస్ 1. కాబట్టి రెండు మోనోపోల్‌లూ ఎదురు గుర్తులతో రావాలి కదా! నా ప్రోగ్రామ్‌లో రెండూ ఒకే గుర్తుతో, సరిగ్గా 3:1లో వచ్చాయి. 9జే గుణకాలు (కోణీయ ద్రవ్యవేగాలని కలిపేవి) మళ్లీ చూశాను, ఫేజ్‌లు (ప్లస్, మైనస్ గుర్తులు) మళ్లీ చూశాను, రెండు వారాలు పోయాయి. తప్పు ప్రోగ్రామ్‌లో లేదు, నా ఊహలో ఉంది. జే మీద సగటు తీస్తే టెన్సర్ బలం డైరెక్ట్ పదం (కణాలు తమ కక్ష్యల్లోనే ఉండేది) పూర్తిగా సున్నా అవుతుంది, మిగిలేది ఎక్స్ఛేంజ్ పదమే (కణాలు కక్ష్యలు మార్చుకునేది). దాని గుర్తు టీ=0 నుంచి టీ=1కి వెళ్తే తిరగబడుతుంది. ఆ తిరుగుడు మైనస్ 3ని ప్లస్ 3 చేస్తుంది. నేను చదివిన నోట్స్ అన్నీ "సులభంగా చూపవచ్చు" అని ఈ వాక్యాన్నే ఎగ్గొట్టాయి. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే అన్యాయం లేదు.

సరిచూసుకోవడానికి ఒక సూత్రం ఉంది: జీ 9/2తో ఎఫ్ 7/2 మోనోపోల్‌కి 8 రెట్లు, ఎఫ్ 5/2 మోనోపోల్‌కి 6 రెట్లు కలిపితే సున్నా రావాలి. ఊడ్స్-సాక్సన్ (కేంద్రకపు నిజ ఆకారానికి దగ్గరైన పొటెన్షియల్) ప్రమేయాలు వాడితే రాదు. రెండు కక్ష్యల రేడియల్ ఆకారాలు ఒకటే అయితేనే ఆ సూత్రం కచ్చితం. అది తెలియక నేను మరో రెండు రోజులు పోగొట్టుకున్నాను. పైగా మొత్తం గుర్తే తారుమారైనా ఈ పరీక్ష పట్టుకోదు. దానికి ట్రిప్లెట్ పీ స్థితుల్లో (రెండు కణాల స్పిన్‌లు కలిసి 1, సాపేక్ష కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం 1) టెన్సర్ ఆపరేటర్ విలువలు చూడండి: జే 0, 1, 2లకి వరసగా మైనస్ 4, ప్లస్ 2, మైనస్ 0.4 రావాలి.

చివరికి ఎఫ్ 5/2 కిందికి దిగింది, పీ 3/2, ఎఫ్ 7/2 పైకి లేచాయి, కాబట్టి 28 ప్రోటాన్ల షెల్ దగ్గరి శక్తి ఖాళీ ఇరుకైంది. ప్రోటాన్, న్యూట్రాన్ మధ్య మోనోపోల్‌ని జీ 9/2లోని న్యూట్రాన్ల సంఖ్యతో గుణిస్తే ఆ జరుగుడు వస్తుంది. దాన్ని కొలిచిన స్థాయిల పక్కన నేరుగా పెట్టకండి. సెంట్రల్ బలం (దిశతో సంబంధం లేని కేంద్రక బలం) వాటా కూడా అందులో ఉంది, పైగా ఆ 5/2 స్థాయిలు శుద్ధమైన ఒంటి ప్రోటాన్ స్థాయిలు కావు.