పుండు మానింది, నొప్పి పోలేదు

పోయిన ఏప్రిల్‌లో ఎడమవైపు రొమ్ము కింద నుంచి వీపు దాకా పట్టీ వేసినట్టు నీటి పొక్కులు లేచాయి. అక్కి, కొందరు సర్పి అంటారు. అక్కి రాయిస్తే పోతుందని ఎర్రమట్టి పూయించుకుని, ఆరో రోజుకి గానీ ఆసుపత్రికి వెళ్ళలేదు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మంచిదని మాకెవరికీ తెలియదు. మూడు వారాలకి చెక్కులు రాలాయి, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

అప్పుడు మొదలైంది అసలు కష్టం. జాకెట్ వేసుకోలేను, పైట రాసుకుంటే కాలిన చోట కారం చల్లినట్టుండేది. మే నెలలో ఓ రాత్రి ఫ్యాన్ గాలి కూడా ఓర్చుకోలేకపోయాను. మా ఆయన లేచి ఫ్యాన్ ఆపితే, ఆ ఉక్కకి చెమట పట్టి, చుక్క జారినంత మేరా మంటే. వేయమన్నాను, మళ్ళీ ఆపమన్నాను, పాలబండి చప్పుడయ్యేదాకా మంచం మీద కూర్చునే ఉన్నాను, పిచ్చి పడుతోందేమోనని భయపడుతూ. గాలి తగిలితే నొప్పని ఎవరితో చెప్పుకోను?

డాక్టర్‌తో చెబితే, "మానిపోయిందమ్మా, మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు" అన్నారు. ఆ మాట ఇంట్లోకీ వచ్చేసింది. మా కోడలు బంగారం లాంటి పిల్ల, తను కూడా "మనసు మళ్ళించుకోండి అత్తయ్యా" అంది. ఆ డాక్టర్ మీద కోపం నాకింకా పోలేదు.

తిరుపతిలో నరాల డాక్టరమ్మ దూదితో మెల్లగా రాస్తే కెవ్వుమన్నాను, అరచేత్తో గట్టిగా అదిమితే మాత్రం ఓర్చుకోగలిగాను. "దీన్ని అలోడీనియా అంటారమ్మా, నిజమైన నొప్పే" అన్నారు. ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్ వెన్ను పక్కన నరం మొదట్లో దాక్కుని, ఇన్నేళ్ళకి లేచి ఆ నరాన్ని పాడుచేసిందట, అందుకే వెన్నుపాము మామూలు స్పర్శని కూడా నొప్పిగా పైకి పంపుతోందట. బస్సులో ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను, నిజమే అన్నందుకు.

నరాల నొప్పికి మందులు రాశారు: గాబాపెంటిన్, రాత్రికి అమిట్రిప్టిలిన్, పైన అంటించే లిడోకైన్ ప్యాచ్ (చర్మానికి మొద్దుబారించే మందు పట్టీ). మొదట్లో మత్తుగా ఉండేది, మీకూ అలా ఉంటే మందు మానొద్దు, డాక్టర్‌తో చెప్పి మోతాదు సరిచేయించుకోండి. మెత్తటి పాత పంచె కాస్త బిగించి కట్టుకోమన్నారు, బిగువుగా ఉంటే గుడ్డ కదిలి రాసుకోదు. రోజూ పొద్దున్నే మా ఆయనే చుట్టేవారు, ఒక్క మడత రాకుండా, ఊపిరి బిగబట్టి.

ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను, ఆయన దయా ఉంది. దసరా నాటికి జాకెట్ వేసుకోగలిగాను. చన్నీళ్ళు మాత్రం ఇప్పటికీ పడవు.

50 దాటినవాళ్ళకి ఈ అక్కి రాకుండా టీకా ఉంది, రెండు డోసులు, డాక్టర్‌ని అడగండి. మా ఆయనకి కార్తీకంలో మొదటిది వేయించాను, రెండోది శివరాత్రికి.