పాత ల్యాప్‌టాప్‌లో మింట్: వైఫై అయింది, ఒత్తులు అయ్యాయి, మూత మిగిలింది

ముందు స్టేటస్ చెప్పేస్తా. వైఫై ఓకే, తెలుగు టైపింగ్ ఓకే, ఫాంట్లు దాదాపు ఓకే, గడియారం ఓకే, మూత వేస్తే స్లీప్‌లోకి వెళ్లే సంగతి ఒక్కటే ఇంకా తేలలేదు. మెషీన్ నాన్న వాడి పక్కన పడేసిన 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ ఎస్ఎస్‌డీ వేశా. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, 11కి ఈ ప్రాసెసర్ సరిపోదు, అందుకే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22, అందులో తేలికైన డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. నాన్నకి టాలీ (విండోస్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్) కావాలి కాబట్టి విండోస్‌ని డిస్క్‌లో ఒక చిన్న పార్టిషన్‌లో (విడిగా కేటాయించిన భాగం) అలాగే ఉంచా.

మొదటి తలనొప్పి వైఫై, ఇన్‌స్టాల్ అయ్యాక నెట్‌వర్క్ లిస్టే రాలేదు. సర్వర్లు చూసుకునే అన్న ఒకాయన హైదరాబాద్‌లో ఉన్నాడు, ఫోన్ చేసి "అన్నా, వైఫై రావట్లేదు" అంటే "తమ్ముడూ, ల్యాప్‌టాప్ మోడల్ నాకెందుకు, లోపల చిప్ ఏంటో చెప్పు" అన్నాడు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, పక్కన హైఫన్ పెట్టి ఎన్ఎన్‌కె తగిలిస్తే ప్రతి కార్డు పేరు, దాని పక్కన బ్రాకెట్లో దాన్ని గుర్తించే నాలుగేసి అక్షరాల కోడ్‌ల జంట, కింద ఏ డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) నడుస్తోందో వస్తాయి. నా వైఫై కార్డు కింద డ్రైవర్ లైనే లేదు. ఆ అవుట్‌పుట్ పంపిన పది నిమిషాల్లో జవాబు వచ్చేసింది, ఈ చిప్‌కి కంపెనీ ఇచ్చే క్లోజ్డ్ (కోడ్ బయటపెట్టని) డ్రైవర్ విడిగా వేసుకోవాలట. మరి నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించేది అంటే, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే చాలు, మింట్ దాన్ని వైర్డ్ కనెక్షన్ అనుకుని తీసేసుకుంటుంది, తర్వాత డ్రైవర్ మేనేజర్ ఓపెన్ చేసి టిక్ పెట్టడమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్ అప్పుడు ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ అప్పుడే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, రీస్టార్ట్ చేశాక నీలం స్క్రీన్ వస్తుంది, అక్కడ 10 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, డ్రైవర్ మాత్రం లోడ్ అవదు. నొక్కితే ఎన్‌రోల్ మోక్ (మన డ్రైవర్ సంతకం కీని నమ్మమని చెప్పే ఆప్షన్) అని ఉంటుంది, అందులోకి వెళ్లి ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది "డ్రైవర్ వేసినా వైఫై రాలేదు" అనేది ఈ మెట్టు దగ్గరే అని అన్న చెప్పాడు.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే, ఎవర్నైనా అడిగే ముందు మెషీన్‌తోనే మాట్లాడించడం. "పని చెయ్యట్లేదు" అంటే అవతలివాళ్లు ఇరవై ఎదురు ప్రశ్నలు వెయ్యాలి, పాపం వాళ్లకీ పనులుంటాయిగా. మింట్‌లో సిస్టమ్ రిపోర్ట్స్ అనే యాప్ ఉంది, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీలో కాపీ బటన్ నొక్కితే మొత్తం వివరాలు వచ్చేస్తాయి. దాంతోపాటు ఏం చేస్తే ఏమైంది, ఎర్రర్ ఉంటే ఉన్నది ఉన్నట్టు, ఫొటో కాకుండా టెక్స్ట్ రూపంలో. ఏదైనా మార్చేముందు టైమ్‌షిఫ్ట్ అనే యాప్‌తో ఒక స్నాప్‌షాట్ (తేడా వస్తే సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకునే కాపీ), ఒకసారికి ఒక్క మార్పే. టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని పట్టించుకోదు, అక్కడి ఫైళ్లకి విడిగా కాపీ పెట్టుకోవాలి. ఎవరో ఇచ్చిన సూడో కమాండ్ (అడ్మిన్ అధికారంతో నడిచేది) అయితే ముందు దాని మాన్యువల్, అంటే మ్యాన్ పేజీ చూశాకే. ఆర్చ్ అనే ఇంకో లినక్స్ వాళ్ల ఆర్చ్ వికీ కూడా బాగా పనికొస్తుంది, మనది మింట్ అయినా.

గడియారం సంగతి రెండు ముక్కల్లో: మింట్ వాడి విండోస్‌లోకి వెళ్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. తేడా సరిగ్గా 5:30 అని చూడగానే అర్థమైపోయింది, లినక్స్ బోర్డు మీది గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది. విండోస్‌ని కెలకడం ఇష్టం లేక లినక్స్ వైపే టైమ్‌డేట్‌సీటీఎల్‌తో సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 పెట్టా, అంటే అదీ బోర్డు గడియారంలో లోకల్ టైమే రాస్తుంది.

తెలుగు టైపింగ్‌కి ఐబస్ (భాషలు టైప్ చేయించే ప్రోగ్రామ్) కోసం ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వెయ్యాలి, లాగౌట్ అయి మళ్లీ వచ్చాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన అనే కీబోర్డ్ పద్ధతులన్నీ కనిపిస్తాయి. లేఖిని (ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు రాసే సైట్) అలవాటున్నవాళ్లకి ఆర్‌టీఎస్ హాయి, డీటీపీ చేసినవాళ్లు యాపిల్ అంటారు. సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో వస్తూ కొన్ని యాప్స్‌లో రాకపోతే అవి క్యూటీ అనే టూల్‌కిట్‌తో కట్టినవేమో చూసుకోండి, క్యూటీ-ఐఎం-మాడ్యూల్ అనే వేరియబుల్‌లో ఐబస్ అని ఉండాలి. ఇంకోటి, "లినక్స్‌లో" అని రాయబోతే "లినక్స్లో" అని ఒత్తు పడిపోతుందా, మధ్యలో కంట్రోల్ షిఫ్ట్ యూ నొక్కి 200సి కొట్టి ఎంటర్ చేస్తే కనిపించని విడదీత పడుతుంది. నాకు ఇది తెలిశాక ప్రాణం లేచొచ్చింది.

ఫాంట్ల మీదే ఎక్కువ టైమ్ పోయింది. ఒక్కో యాప్‌లో తెలుగు ఒక్కోలా కనిపిస్తుంటే ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌కి కోలన్, ల్యాంగ్, ఈక్వల్స్, టీఈ ఇచ్చి సిస్టమ్ ఏ ఫాంట్‌ని ఎంచుకుంటోందో చూశా. నాకు మండలి అనే తెలుగు ఫాంట్ ఇష్టం, హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ లోపల ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి శాన్స్ కింద ముందు నోటో శాన్స్, తర్వాత మండలి రాశా. ఈ వరస ముఖ్యం, మండలి ముందుంటే ఇంగ్లీష్ అక్షరాలూ అందులోంచే వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌కి మళ్లీ దాని సెట్టింగ్స్‌లో తెలుగుకి వేరేగా ఫాంట్ పెట్టాలి. లిబ్రేఆఫీస్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేస్తేనే తెలుగు డిఫాల్ట్ ఫాంట్ మార్చుకునే చోటు కనిపిస్తుంది. ప్యానెల్‌లో (స్క్రీన్ అంచున ఉండే పట్టీ) పాట పేర్ల కింద ఒత్తులు కోసుకుపోతుంటే ప్యానెల్ సైజు 32 పిక్సెల్స్ చేశా, సరిపోయింది. టెర్మినల్‌లో ఒత్తులు విడిపోవడం మాత్రం వదిలేశా, అక్కడ అక్షరానికో గడి లెక్క, మన గుణింతాలు అందులో ఇమడవు. నాన్న పాత లెటర్లు 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి, అవి యూనికోడే కాదు, కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాల్సిందే.

ఇక మూత. మూసి తెరిస్తే నల్ల స్క్రీన్, పవర్ బటన్ గట్టిగా పట్టుకోవాల్సి వస్తోంది. వెంటనే మళ్లీ బూట్ చేసి జర్నల్‌సీటీఎల్‌కి హైఫన్ బి, మైనస్ 1 ఇస్తే ముందటి బూట్ లాగ్ వస్తుంది, అందులో స్లీప్‌లోకి వెళ్లిన లైన్ ఉంది, లేచిన లైన్ లేదు. అంటే ప్యానెల్ సెట్టింగో పవర్ మేనేజరో కాదు, గ్రాఫిక్స్ వైపో కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) వైపో ఉంది గొడవ. అప్‌డేట్ మేనేజర్‌లో వేరే కెర్నెల్ వేసి అదే పరీక్ష చేస్తా, రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి అన్నకి పంపిస్తా. అందాకా మూత వేస్తే స్క్రీన్ లాక్ అయ్యేలా పెట్టి వదిలేశా.