ఎవరూ పుట్టకూడని దీవిలో అమ్మతో

మే 27, 2025, మంగళవారం. రాత్రి పదకొండు దాటింది. ఓడ గ్రీసులోని మికొనోస్ దీవి వదిలి నాలుగు గంటలైంది. ఆయనా బాబూ పక్క క్యాబిన్‌లో ఎప్పుడో నిద్రపోయారు. అమ్మ మాత్రం ఇంకా దొర్లుతూనే ఉంది, గాజుల చప్పుడు వినిపిస్తోంది. ఇవాళ్టి సంగతి ఇవాళే రాసేయాలి. రేపటికి ఇందులో ఏ ముక్క జారిపోయినా నాకు బాధే.

ఈ క్రూజ్ అమ్మ కోసమే తీసుకున్నాం. బాబుకి స్కూల్ సెలవులు వారం రోజులే. అమ్మ మా దగ్గరికి బర్మింగ్‌హామ్ వచ్చే ముందే హైదరాబాద్ వెళ్ళి, గ్రీసుకి కావలసిన రెండో వీసా కోసం కూడా వేలిముద్రలిచ్చి వచ్చింది. అంత తిరిగినందుకు ఆవిడకి నచ్చే చోటొకటి చూపించాలని నా ఆశ. మికొనోస్‌లో తెల్ల ఇళ్ళూ గాలిమరలూ బాగానే ఉంటాయి కానీ ఆ సందుల్లో దుకాణాలు చూస్తూ రోజంతా నడవడం ఆవిడకి సరదా కాదు. అందుకే బాబుని వాళ్ళ నాన్నతో బీచ్‌కి పంపించి, మేమిద్దరం పాత రేవుకెళ్ళి డెలోస్ దీవికి పది గంటల పడవెక్కాం.

అరగంట ప్రయాణం. గాలి మాత్రం విపరీతంగా ఉంది. అమ్మ కొంగు తలచుట్టూ బిగించుకుని పై అంతస్తులోనే కూర్చుంటానంది. నీళ్ళు చూస్తే ఆవిడకి భయం లేదు, గోదారి లంకలో పుట్టిన మనిషి. పడవ ఎడమకి ఒరిగినప్పుడల్లా అందరూ కడ్డీలు పట్టుకుంటుంటే అమ్మ ఒళ్ళో సంచి పట్టుకుని తీరిగ్గా ఉంది. అందులో రెండు నీళ్ళ సీసాలు, ఒక డబ్బాడు చేగోడీలు.

డెలోస్‌లో ఇప్పుడు ఊరంటూ లేదు. కాపలావాళ్ళూ తవ్వకాలవాళ్ళూ తప్ప రాత్రి ఎవరినీ ఉండనివ్వరు. చెట్టు నీడ కూడా దాదాపు లేదు. పడవ దిగగానే ఎండిన గడ్డి, ఆ గడ్డిలో కనుచూపు మేరా విరిగిన పాలరాయి. ఫ్రెంచివాళ్ళు 1873 నుంచి ఇక్కడ తవ్వుతున్నారట. ఒకప్పుడు సుంకం లేని రేవు కావడంతో ఎక్కడెక్కడి వర్తకులూ వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఎవరి దేవుళ్ళని వాళ్ళు తెచ్చుకున్నారు, ఈజిప్టు దేవత ఐసిస్ గుడి కూడా ఉంది. బానిసల్ని అమ్మిన సంత కూడా ఇదే. క్రీ.పూ. 88లో ఒక దాడి, 69లో సముద్రపు దొంగల దాడి, ఆ తర్వాత ఊరు మళ్ళీ కోలుకోలేదు.

దారిలో ఒక రాతి మీద తొండ. అచ్చం మన తొండే! గరుకు వీపు, తల పైకెత్తి రెండుసార్లు ఊపింది. అమ్మ ఆగిపోయి, "చూడవే, తల ఊపుతోంది, మనల్ని రమ్మంటోంది" అంది. ఆ తర్వాత ఏ గోడ మీద చూసినా అవే. ఇన్ని వేల మైళ్ళు వచ్చాక మనకి తెలిసిన ప్రాణి కనిపిస్తే అంత సంతోషం వేస్తుందని నాకు ఇవాళే తెలిసింది. ఫోన్‌లో పదకొండు ఫొటోలు తొండలవే ఉన్నాయి.

సింహాల వరస దగ్గర చాలాసేపు ఉన్నాం. నాక్సోస్ దీవివాళ్ళు క్రీ.పూ. 600కి కాస్త ముందు గ్రీకు దేవుడు అపోలోకి సమర్పించినవి. ఇప్పుడు బయట కనిపించేవి నకళ్ళు, అసలువి మ్యూజియంలో పెట్టారు. సన్నటి నడుము, తెరిచిన నోరు, అన్నీ ఒకే వైపు చూస్తూ కూర్చుని ఉంటాయి. అవి చూసే వైపు పూర్వం ఒక పవిత్ర సరస్సు ఉండేది. దోమలూ మలేరియా ఎక్కువై 1920ల్లో దాన్ని పూడ్చేశారు. సరస్సు ఉన్నచోట మధ్యలో ఒకే ఒక్క తాటిజాతి చెట్టు నాటారు.

ఆ చెట్టు ఎందుకో అమ్మకి చెప్పాను. లెటో అనే తల్లికి నెలలు నిండాయి. దేవతల రాణి హేరాకి ఆవిడంటే పగ. హేరా కోపానికి భయపడి ఏ నేలా ఆమెకి చోటివ్వలేదు. చివరికి రాళ్ళు తప్ప ఏమీ లేని ఈ చిన్న దీవి ఒక్కటే రమ్మంది. తొమ్మిది పగళ్ళూ తొమ్మిది రాత్రులూ నొప్పులు పడి, చెట్టుని చేతులతో చుట్టి పట్టుకుని అపోలోని కన్నది. అమ్మ వింటూ, "తొమ్మిది రోజులా? మంత్రసాని రాలేదా?" అని అడిగింది. ప్రసవాల దేవత ఒకామె ఉందమ్మా, ఆమెని హేరా రానివ్వలేదు అన్నాను. అమ్మ పళ్ళ మధ్య నుంచి "ప్చ్" అంది. ఆ శబ్దం మా వీధిలో ఎవరింట్లో కష్టం విన్నా ఆవిడ చేసేదే.

తర్వాత సంగతి కూడా చెప్పాను. క్రీ.పూ. 426లో ఏథెన్స్‌వాళ్ళు ఈ దీవిని శుద్ధి చేయాలని ఇక్కడున్న సమాధులన్నీ తవ్వించి, ఎముకలు పక్కనున్న రెనియా దీవికి తరలించారు. అప్పటినుంచి డెలోస్‌లో ఎవరూ చావకూడదు, ఎవరూ పుట్టకూడదు అని కట్టడి. చావు దగ్గరపడినవాళ్ళనీ, నెలలు నిండిన ఆడవాళ్ళనీ పడవలో రెనియాకి దాటించేసేవాళ్ళు.

అమ్మ వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "ఆ తల్లికి చోటిచ్చిన నేలే కదా ఇది. మిగతా తల్లుల్ని పొమ్మనడానికి వాళ్ళకి నోరెలా వచ్చిందే?" అంది.

ఆ మాట దగ్గరే ఇవాళ నా మనసు ఆగిపోయింది. నేనిది రెండు మూడుసార్లు చదివాను, బాబుకి కూడా కథగా చెప్పాను. ఎప్పుడూ వింత సంగతిగానే చెప్పాను తప్ప, నొప్పులతో పడవెక్కిన మనిషి నాకు కనిపించలేదు.

అక్కడినుంచి పైకి, పాత ఇళ్ళ వాడకి నడిచాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి. మెల్లగా, ప్రతి మలుపులోనూ ఆగుతూ వెళ్ళాం. ఒక ఇంట్లోకి తొంగి చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. నాలుగు వైపులా స్తంభాల వసారా, మధ్యలో ఆకాశానికి తెరిచిన చదరం, చుట్టూ గదులు. "ఇది మండువా లోగిలే కదే!" అంది. నిజంగా అంతే. కప్పు మీద పడిన వాన నీళ్ళు ఆ నడిమి చదరంలోకి చేరి, కింద కట్టిన తొట్టిలో నిలవుండేవి. మంచినీళ్ళు అంతగా లేని దీవిలో ఇంటింటికీ అదే ఆధారం. అమ్మ స్తంభం పక్కన నిలబడి, తన చిన్నప్పుడు మండువాలో వాన పడుతుంటే ఇత్తడి గంగాళాలు ఎక్కడెక్కడ పెట్టేవాళ్ళో చేత్తో చూపించింది. ఇక్కడొకటి, ఆ మూల ఒకటి. వేరే టూరిస్టులు ఆగి చూశారు, ఆవిడ పట్టించుకోలేదు.

అక్కడే ఒక గోడ నీడలో కూర్చుని చేగోడీలు తిన్నాం. ఎదురుగా సన్నటి నీటిపాయ, దాని అవతల రెనియా. బోడి గుట్టలు, ఇల్లన్నది కనపడదు. అమ్మ అటే చూస్తూ, "నన్నూ ఇలాగే దాటించారు" అంది.

నేను 1986 ఆగస్టులో పుట్టాను, ఆ పెద్ద వరదల వారంలో. భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చిన ఏడాది అది. వరదల్లో పుట్టానని నాకు తెలుసు. ఎలాగన్నది మాత్రం ఇన్నేళ్ళూ నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తొలికాన్పు కాబట్టి అమ్మని పుట్టింటికి, లంకకి తీసుకొచ్చారు. ఎర్రనీళ్ళు రోజురోజుకీ పెరుగుతున్నాయి. నొప్పులు మొదలైంది చీకటి పడ్డాక. మంత్రసాని చూసి బిడ్డ అడ్డం తిరిగిందేమో, నా వల్ల కాదు అందట. తాతయ్య ఏటిగట్టు మీదకి పరిగెత్తాడు. ఆ నీళ్ళలో పడవ వేయడానికి ఒక్కరే ఒప్పుకున్నారు. నాటు పడవలో నులక మంచం అడ్డంగా పెట్టి, దాని మీద అమ్మ, పట్టుకోవడానికి అమ్మమ్మ, లాంతరు పట్టుకుని తాతయ్య.

"చెట్లు కొట్టుకొస్తున్నాయి. తగిలితే అంతే. ఆయన పక్కకి నెట్టడం, నేను అరవడం. ఆయన ఒకటే మాట, తల్లీ గట్టు కనపడుతోంది, గట్టు కనపడుతోంది అని. ఏ గట్టూ కనపడట్లేదు. నాకు తెలుస్తూనే ఉంది."

అమ్మ ఇదంతా గొంతు మారకుండా చెప్పింది. చేతిలో చేగోడీ సగంలో ఉంది. తెల్లారి ఆసుపత్రిలో నేను పుట్టాను. పడవాయన డబ్బులు తీసుకోలేదట. అందుకని అమ్మ చాలా ఏళ్ళు సంక్రాంతికి ఆయనకి కొత్త పంచె పంపేది. నాన్న పోయిన ఏడాది అన్నిటితో పాటు అదీ ఆగిపోయింది. "మళ్ళీ మొదలుపెట్టలేదు. తప్పు నాదే" అంది. నాకు ఏం మాట్లాడాలో తెలియక నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను.

వెనక్కి వచ్చే పడవ నలభై నిమిషాలు ఆలస్యమైంది. గాలికి రద్దు చేస్తారేమోనని రేవులో అందరికీ టెన్షన్, నాకైతే ఓడ వెళ్ళిపోతుందని కాళ్ళు వణికాయి. అమ్మ మాత్రం, "వస్తుందిలే, గాలి తగ్గింది, నీళ్ళ మీద నురగ చూడు" అంది. అలాగే వచ్చింది. ఆరు కాకుండానే ఓడెక్కేశాం.

డెక్ మీదకి వెళ్ళి మామయ్యకి వీడియో కాల్ చేసింది అమ్మ. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, భోంచేస్తున్నాడు. గ్రీసూ లేదు, సింహాలూ లేవు, మొదటి ప్రశ్నే, "ఒరేయ్, ఆ పడవాయన ఉన్నాడా?" ఉన్నాడట. చూపు మందగించింది, పొద్దున్నే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెడతారట. ఇప్పుడు కొడుకు రేవులో పంటు నడుపుతున్నాడు.

"రేపు పొద్దున్నే గట్టు మీదకెళ్ళి ఆయనకి ఫోనివ్వు. నేను మాట్లాడతాను" అంది అమ్మ. మామయ్య సరేనన్నాడు. అక్కడ ఏడంటే ఇక్కడ నాలుగున్నర. అలారం పెట్టమంది, పెట్టాను. ఆ అలారం కోసమే కాబోలు, ఇంకా దొర్లుతోంది.