బంటీ కాలి అచ్చు కోసం బరంపురం

మా కుక్క బంటీకి వెనక ఎడమకాలి మోకీలులో లిగమెంట్ తెగింది. లాబ్రడార్, 38 కిలోలు, వయసు మీద పడింది, గుండెలో ఏదో శబ్దం కూడా ఉంది కాబట్టి ఆపరేషన్‌కి మత్తు ఇవ్వడం రిస్కేనని డాక్టరు చెప్పడంతో బ్రేస్‌కి, అంటే మోకీలుకి బయటనుంచి తొడిగే ఆధారానికి, సిద్ధపడ్డాం. బ్రేస్ వల్ల తెగిన లిగమెంట్ అతుక్కోదు, అడుగు వేసినప్పుడు కింది ఎముక ముందుకి జారిపోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అది కాలికి సరిపోయేలా తయారుచేయాలంటే ముందు కాలికి అచ్చు తీయాలి, మా పర్లాకిమిడిలో అలా తీసేవాళ్లు దొరకలేదు. బరంపురంలో ఒక డాక్టరు తీసి, తయారుచేసేవాళ్లకి పంపిస్తారని తెలిసి బావ కారులో బయల్దేరాం.

అసలు పనంతా బయల్దేరకముందే ఉంది. అచ్చు తీస్తున్నంతసేపూ కుక్క నాలుగు కాళ్ల మీదా నిలబడాలి, మామూలుగా నిలబడినప్పుడు మోకీలు ఏ వంపులో ఉంటుందో ఆ వంపే అచ్చులో పడాలి. మనోడేమో కాలు ముట్టుకుంటే చాలు, లాగేసుకుని కూలబడిపోతాడు. అందుకని రోజూ సాయంత్రం రబ్బరు మ్యాట్ మీద నిలబెట్టి, ముందు తొడ మీద చెయ్యి వేయడం, తర్వాత మోకాలు నిమరడం, ఆ తర్వాత పాత సాక్సు కొన కత్తిరించి కాలికి తొడగడం, చివరికి దాని మీద క్రేప్ బ్యాండేజీ వదులుగా చుట్టడం, ఊరుకున్నప్పుడల్లా ఉడికించిన గుడ్డు ముక్క. విసుగొచ్చేలోపే ఆపేసేవాణ్ణి. గోళ్లు కత్తిరించాం, అరికాలి మెత్తల మధ్య బొచ్చు కూడా తీశాం, లేకపోతే క్లినిక్ టైల్స్ మీద జారతాడు.

ఇచ్ఛాపురం మీదుగా హైవే ఉన్నా బావ ఆర్.ఉదయగిరి, మోహన రోడ్డే పట్టాడు. కొండదారి బాగుంటుందట! బాగుండేది మనకి, వెనక సీట్లో వాంతి చేసుకునే కుక్కకి కాదు. ఏమీ పెట్టకుండా తీసుకెళ్లడం మంచిదైంది, అవసరమైతే కొంచెం మత్తు ఇవ్వాల్సి రావచ్చు, పొద్దున తిండి పెట్టొద్దని డాక్టరు ముందే ఫోన్లో చెప్పారు. ఆ చుట్టుపక్కలే చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు, జిరంగలో వాళ్ల పెద్ద బౌద్ధ మఠం కూడా ఉంది, చూసొద్దామని బావ గొడవ. ఈసారికి కుదరదన్నాను.

తప్తపాణిలో మాత్రం ఆగాం, బంటీ ఒకటికి పోవాలి. వేడినీళ్ల కుండం దగ్గర గంధకం వాసన గుప్పుమంటోంది. బరంపురం నుంచి స్నానానికొచ్చిన ఒక పెద్దావిడ కుంటుతున్న కాలు చూసి, "కాస్త ఆ నీళ్లు పోయి బాబూ, నొప్పంతా లాగేస్తాది" అంది.

"ఇప్పుడొద్దు మామ్మా, బొచ్చు తడిస్తే అచ్చు సరిగ్గా రాదు."

"కుక్కకి అచ్చేటి?" అని ఆవిడ నవ్వుతూనే ఉంది.

బరంపురం చేరాక వెంటనే లోపలికి తీసుకెళ్లకుండా కాసేపు వీధిలో నడిపించాను. లోపల మా మ్యాట్ మేమే పరిచాం. డాక్టరు కాలికి గుడ్డ తొడుగు ఎక్కించి, ముందువైపు పొడవునా ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి (కోసేటప్పుడు చర్మానికి తగలకుండా), తడిపిన ఫైబర్‌గ్లాస్ టేపు కింది నుంచి పైకి చుట్టుకుంటూ వచ్చారు. అది గట్టిపడేటప్పుడు కొంచెం వేడెక్కుతుంది. సరిగ్గా అక్కడే బంటీ వెనక్కి తిరిగి చూశాడు, బావ గుడ్డు ముక్క ముక్కు ముందు పెట్టాడు, కాలు కదల్లేదు. నిమిషాల్లో బిగుసుకుంది. మోకీలు ఎక్కడుందో పెన్నుతో గీతలు పెట్టి, గొట్టం వెంబడి కోసి, డిప్పలా ఊడదీశారు. మత్తు అక్కర్లేకపోయింది.

బ్రేస్ వచ్చాక మొదట రోజుకి 15 నుంచి 30 నిమిషాలే వేయమన్నారు, తీసిన ప్రతిసారీ చర్మం ఎర్రబడిందేమో చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచాలట. అంతవరకు మెట్లు, గెంతులు బంద్. బరువు మారితే తొడ చుట్టుకొలత మారి బ్రేస్ వదులో బిగుతో అవుతుంది కాబట్టి గుడ్లు కూడా తగ్గించమన్నారు. ఆ ముక్క అమ్మకి చెప్పే పని బావకి అప్పగించాను.