సీ9 ఇంకా గుర్తుంది

అమెరికాలో పిల్లల్ని హైస్కూల్లో చేర్చిన వాళ్ళకి ఈ వస్తువు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. లెక్కల క్లాసు కాస్త ముదిరేసరికి గ్రాఫింగ్ కాల్క్యులేటర్ కొనమంటారు. మేం ఉండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. వీటిని తయారు చేసే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) వాళ్ళ ప్రధాన కార్యాలయం ఇక్కడికి దగ్గర్లోనే, డాలస్‌లో ఉంది. మావాడికి టీఐ-84 ప్లస్ సీఈ కొన్నాం. 120 డాలర్ల పైనే అయింది. ఇంకొంచెం వేస్తే ఫోనే వస్తుంది కదా అన్నారు మా ఆయన. నిజమే. కానీ ఫోన్‌ని పరీక్ష హాల్లోకి రానివ్వరు, దీన్ని రానిస్తారు. ఆ ధర అలా నిలబడడానికి అదో పెద్ద కారణం అని నా నమ్మకం.

మా రోజుల్లో ఇంటర్ ప్రాక్టికల్స్‌కి క్లార్క్స్ టేబుల్స్ అనే లాగరిథం పట్టికల పుస్తకం ఉండేది. ఇంజనీరింగ్‌కి వచ్చాక నాన్న గుంటూరులో క్యాసియో 991 ఎంఎస్ కొనిపెట్టారు. గ్రాఫు గీసే కాల్క్యులేటర్ ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. ఈసీఈ చదివాను గానీ ఉద్యోగమంతా బ్యాంకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే గడిచింది. చిప్పుల వైపు మళ్ళీ చూసే అవసరం రాలేదు.

ఒక శనివారం పొద్దున మావాడు వచ్చి, "అమ్మా, నా కాల్క్యులేటర్‌ని జైల్‌బ్రేక్ చేసుకుంటాను, పాడైతే తిట్టవు కదా?" అన్నాడు. జైల్‌బ్రేక్ అంటే కంపెనీ పెట్టిన అడ్డు దాటి మన సొంత ప్రోగ్రాంలు నడుపుకోవడం. క్లాసులో ఎవరో అలా గేమ్స్ ఎక్కించుకున్నారట. చెప్పకుండా చేసుకోగలడు, అయినా అడిగాడు. సరే, ముందు అదేంటో ఇద్దరం చదువుదాం, తర్వాత చేద్దాం అన్నాను.

చదివితే తెలిసింది ఇది. సీఈ లోపల ఉండేది ఈజెడ్80 ప్రాసెసర్, 48 మెగాహెర్ట్జ్. 2020 వరకు ఎవరైనా ప్రాసెసర్ సూచనల్నే నేరుగా రాసే అసెంబ్లీ భాషలోనో, సీ భాషలోనో ప్రోగ్రాం రాసి నేరుగా ఇందులో నడుపుకునేవాళ్ళు. ఆ ఏడాది వచ్చిన కొత్త ఓఎస్‌లో కంపెనీ ఆ దారి మూసేసింది. పరీక్షల్లో మోసాలకి వాడతారన్నది కారణం. పరీక్ష భద్రత వాళ్ళ వ్యాపారానికి ప్రాణం, అది నాకు అర్థమవుతుంది. కానీ సొంతంగా అసెంబ్లీ నేర్చుకుంటున్న పిల్లల చేతుల్లోంచి కూడా ఆ పనిముట్టు పోయింది, అది నాకు చాలా బాధ అనిపించింది. టీఐ బేసిక్, కొన్ని మోడళ్ళలో పైథాన్ ఇంకా ఉన్నాయి. అవి మంచివే. అయితే అవి పై అంతస్తులో తిరగనిస్తాయి, కింద నేల మీద కాలు పెట్టనివ్వవు.

అదే ఏడాది అభిమానులు వేరే దారి కనిపెట్టారు. దాని పేరు ఆర్టిఫిస్. ఈ కాల్క్యులేటర్లో క్యాబ్రీ జూనియర్ అనే జామెట్రీ యాప్ ఉంటుంది. త్రిభుజాలు, వృత్తాలు గీసి దాచుకోవచ్చు. దాచిన బొమ్మని తిరిగి తెరిచే చోట ఆ యాప్‌లో ఒక లోపం ఉంది. బొమ్మ ఫైలులా కనిపించే ఫైలుని ప్రత్యేకంగా తయారు చేసి ఇస్తే, యాప్ దాన్ని బొమ్మ అనుకుని తెరుస్తుంది, తెరవబోయి లోపలున్న ప్రోగ్రాంని నడిపేస్తుంది.

ఇది చదివి మావాడు కేకలు పెట్టాడు. నేను అంతకంటే పాత సంగతి ఒకటి చదివి ఆగిపోయాను. 1994లో టీఐ-85 అనే మోడల్‌కి అసెంబ్లీ సౌకర్యమే లేదు. అప్పటివాళ్ళు ఏం చేశారంటే, కాల్క్యులేటర్ మెమరీని కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకుని, ఆ బ్యాకప్‌ని మార్చి తిరిగి పంపారు. కస్టమ్ మెనూలో ఒక పేరు నొక్కితే అది తమ సొంత కోడ్‌కి దూకేలా పెట్టుకున్నారు. దాని పేరు జెడ్‌షెల్. ఇరవై ఆరేళ్ళ తేడాతో కిటుకు ఒక్కటే: డేటా అని చెప్పి లోపలికి పంపడం, ప్రోగ్రాంలా నడిపించుకోవడం. టెస్టింగ్‌లో నేను రోజూ వెతికేది సరిగ్గా ఇలాంటి లోపాన్నే. నా పనికీ వీడి ఆటకీ మధ్య ఉన్న గోడ ఆ పూట పడిపోయింది.

ఎక్కించడం పెద్ద పనేం కాదు. కంపెనీ ఉచితంగా ఇచ్చే టీఐ కనెక్ట్ సీఈ అనే సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో వేశాం. యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఆర్టిఫిస్ ఫైలు, సీసియం అనే షెల్ (ప్రోగ్రాంల జాబితా చూపించి నడిపే మెనూ), సీ భాషలో రాసిన ప్రోగ్రాంలకి కావలసిన లైబ్రరీలు, అంటే అవి వాడుకునే సిద్ధం కోడ్ ఫైళ్ళు పంపాం. తర్వాత కాల్క్యులేటర్లో యాప్స్ నొక్కి, క్యాబ్రీ జూనియర్ తెరిచి, దాని ఫైల్ మెనూలో ఓపెన్ ఎంచుకుని, జాబితాలో ఆర్టిఫిస్ మీద ఎంటర్ కొట్టాలి. అక్కడ నుంచి సీసియంని నడిపిస్తే అది యాప్‌గా స్థిరపడుతుంది. ఆ తర్వాత ప్రతిసారీ జామెట్రీ యాప్ చుట్టూ తిరగక్కర్లేదు. ఎంటర్ కొట్టే ముందు మావాడు ఊపిరి బిగబట్టాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది, డబ్బు పెట్టి కొన్న వస్తువు కదా. రెండు క్షణాల్లో మెనూ వచ్చింది. మొదటి గేమ్ నడవలేదు, లైబ్రరీ దొరకలేదని చెప్పింది. లైబ్రరీల్లో ఒక ఫైలు మర్చిపోయాం. అది పంపాక నడిచింది.

ఒక్క షరతు పెట్టాను. ఫార్ములాలు, నోట్స్ ఇందులో దాచి పరీక్షకి పట్టుకెళ్ళకూడదు. "నాకు తెలుసమ్మా" అన్నాడు, కాస్త నొచ్చుకున్నాడు కూడా. నమ్మాను. వాళ్ళ టీచరు పరీక్షకి ముందు అందరి చేతా మెమరీ రీసెట్ చేయిస్తారు. ఒకసారి వాడు రాసుకున్న బేసిక్ ప్రోగ్రాం అలాగే పోయింది. ర్యామ్ రీసెట్ చేస్తే అందులో ఉన్నది పోతుంది, ఆర్కైవ్ అనే విడి మెమరీలో పెట్టుకున్నది ఉంటుంది. వాడు అది పోగొట్టుకున్న రోజే నేర్చుకున్నాడు.

ఇంతవరకు వాడి కథ. నా కథ మొదలైంది తర్వాతి నెలలో.

మా వీధిలో ఒకావిడ గ్యారేజ్ సేల్ పెట్టింది. అందులో ఒక పాత టీఐ-84 ప్లస్, రంగుల తెర లేనిది, పది డాలర్లకి. వెనక మూతకి ఎవరిదో స్టిక్కరు, లోపల నాలుగు సన్న పెన్సిల్ బ్యాటరీలు. 2004లో వచ్చిన మోడల్. 96 అడ్డం, 64 నిలువు చుక్కల తెర, 15 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్. మావాడి కోసమే కొన్నాను, విడదీసి చూసుకుంటాడని.

జెడ్80 అని చదివినప్పుడు నాలో ఏదో కదిలింది. మాకు మూడో సంవత్సరంలో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఉండేది, ఇంటెల్ వాళ్ళ 8085 ప్రాసెసర్ కిట్లు. ఆరు ఎర్ర అంకెల డిస్‌ప్లే, దిగువన చిన్న కీప్యాడ్. కంప్యూటర్ లేదు, సూచనల్ని కోడ్‌లుగా మార్చిపెట్టే అసెంబ్లర్ లేదు. ప్రోగ్రాం కాగితం మీద రాసుకుని, ఆప్‌కోడ్ షీట్ చూసి ఒక్కో సూచనకి ఒక్కో కోడ్ వేసుకుని, 4100 అడ్రస్ నుంచి ఒక్కో బైటు నొక్కి నెక్స్ట్ కొట్టడమే. ఇద్దరికో కిట్. నా జోడీ తెనాలి అమ్మాయి, ఆమె చదివేది, నేను నొక్కేదాన్ని. ఒక్క బైటు తప్పితే మళ్ళీ మొదటి నుంచి. ఆ చదువు జీవితంలో ఎప్పుడూ పనికిరాలేదని ఇరవై ఏళ్ళు అనుకున్నాను.

8085 కంటే ముందు వచ్చిన ఇంటెల్ 8080 ప్రాసెసర్ తయారీలో పనిచేసిన ఫెడెరికో ఫాజిన్ ఇంటెల్ నుంచి బయటికొచ్చి జైలాగ్ అనే కంపెనీ పెట్టాడు. అక్కడ 1976లో చేసిందే జెడ్80. 8080 కోసం రాసిన ప్రోగ్రాంలు దీని మీద నడవాలని కోడ్‌లన్నీ అలాగే ఉంచాడు, పేర్లు మాత్రం మార్చాడు. మా 8085 కూడా ఆ 8080 ఇంటి పిల్లే. అంటే నేను తెనాలి అమ్మాయి చదువుతుంటే నొక్కిన 3ఈ, 06, 80, ఇవే ఈ పది డాలర్ల పెట్టెకీ అర్థమవుతాయి.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఈ పాత మోడల్లో కోడ్‌లు నేరుగా కాల్క్యులేటర్ మీదే కొట్టుకోవచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు. కొత్త ప్రోగ్రాం తెరిచి, మొదటి వరుసలో కేటలాగ్ నుంచి ఏఎస్ఎం ప్రోగ్రామ్ అనే ముక్క పెట్టి, కింద హెక్స్ కొట్టుకుంటూ పోవడమే. హెక్స్ అంటే 0 నుంచి 9, ఆపై ఏ నుంచి ఎఫ్ దాకా పదహారు అంకెలతో రాసే లెక్క. ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలకి ఆల్ఫా కీ నొక్కాలి.

రాత్రి అందరూ పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. మా ల్యాబ్‌లో మొట్టమొదటి ప్రయోగం రెండు సంఖ్యల కూడిక. అదే మొదలుపెట్టాను. ప్రాసెసర్ లోపల ఏ, బీ, హెచ్, ఎల్ లాంటి పేర్లతో చిన్న గడులుంటాయి, వాటినే రిజిస్టర్లంటారు. 3ఈ 05, అంటే ఏలో 5 వెయ్యి. 06 03, బీలో 3 వెయ్యి. 80, రెండూ కలుపు. వేళ్ళే గుర్తుపెట్టుకున్నట్టున్నాయి. ఇక్కడ ఫలితాన్ని తెర మీద చూపించాలి, అది మా కిట్‌లో లేని పని. ఏలో ఉన్నది ఎల్‌లోకి పంపాలి. దాని కోడ్ గుర్తు రాలేదు. తెనాలి అమ్మాయి ఇప్పుడు విజయవాడలో బ్యాంకు ఆఫీసరు, అక్కడ పగలు. "మూవ్ ఎల్ కామా ఏ కోడ్ ఎంతే?" అని వాట్సాప్‌లో అడిగాను. లంచ్ టైములో జవాబొచ్చింది: "6ఎఫ్. ఏంటే ఈ అర్ధరాత్రి నీకు? సీ9 గుర్తుందా?" గుర్తుంది, రిటర్న్, అంటే పిలిచిన చోటికి తిరిగి వెళ్ళు. అది మాత్రం ఎలా మర్చిపోతాను.

6ఎఫ్ తర్వాత 26 00, అంటే హెచ్‌లో సున్నా. ఆపై ఈఎఫ్ 07 45. ఈఎఫ్ అంటే మా 8085లో ఆర్ఎస్‌టీ 5, మెమరీలో ఒక నిర్ణీత చోటికి దూకించే సూచన. ఈ కాల్క్యులేటర్‌లో దాన్ని ఓఎస్‌లోని పనుల్ని పిలవడానికి వాడుకున్నారు. వెనక వచ్చే రెండు బైట్లు ఏ పని కావాలో చెబుతాయి, చిన్న బైటు ముందు, పెద్దది వెనక, మేం ల్యాబ్‌లో అడ్రస్‌లు రాసుకున్నట్టే. 4507 అంటే హెచ్, ఎల్ రెండూ కలిపిన హెచ్‌ఎల్‌లో ఉన్న సంఖ్యని తెర మీద చూపించు అని. ఈ సంఖ్యల జాబితా టీఐ వాళ్ళే ఒకప్పుడు ప్రచురించారు.

చివరికి వచ్చేసరికి వేళ్ళు అలవాటు చొప్పున 76 కొట్టేశాయి. మా కిట్‌లో ప్రోగ్రాం అయిపోతే హాల్ట్, అంటే 76. నడిపించాను. తెర బిగుసుకుపోయింది, ఏ కీకీ పలకలేదు. బ్యాటరీ ఒకటి తీసి పెడితే 'ర్యామ్ క్లియర్డ్' అని వచ్చింది. ప్రోగ్రాం పోయింది. కారణం తెలుసుకోవడానికి ఇంకో అరగంట పట్టింది. కిట్‌లో హాల్ట్ అంటే నిజంగా ఆగిపోవడమే. ఇక్కడ లోపల గడియారంలా ఇంటరప్ట్‌లు, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడు అని ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు, వస్తూనే ఉంటాయి. హాల్ట్‌లో నిద్రపోయిన ప్రాసెసర్‌ని మొదటి ఇంటరప్టే లేపుతుంది. లేచినది తర్వాతి బైటుకి వెళ్తుంది. అక్కడ నా ప్రోగ్రాం అయిపోయి, మెమరీలో ఏదుంటే అది సూచన అనుకుని నడుపుతుంది. మేం ల్యాబ్‌లో ఇంటరప్ట్‌ల గురించి పది మార్కుల ప్రశ్న బట్టీపట్టాం. అది ఏం చేస్తుందో కళ్ళారా చూసింది మాత్రం ఆ రాత్రే.

మళ్ళీ మొదటి నుంచి కొట్టాను. చివర సీ9. నడిపించాను. తెర మీద 8 అని వచ్చింది. చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున మావాడికి చూపించాను. వాడికి రంగుల గేమ్స్ ఉన్నాయి, దీని ముఖం చూస్తాడా అనుకున్నాను. వాడు కాగితం లాక్కుని "ఇందులో 80 అంటే ఎందుకు కూడిక? ఎవరు చెప్పారు?" అని అడిగాడు. పన్నెండింటి దాకా లేవలేదు. 8085లో లేని ఒక మంచి సూచన జెడ్80లో ఉంది, కోడ్ 10. బీలోంచి ఒకటి తీసేసి, ఇంకా మిగిలి ఉంటే వెనక్కి దూకుతుంది. ఎన్ని బైట్లు వెనక్కో పక్కన రాయాలి. దాంతో 5 నుంచి 1 దాకా లెక్కపెట్టే ప్రోగ్రాం వాడే రాస్తానన్నాడు.

06 05. తర్వాత సీ5, బీని స్టాక్ అనే తాత్కాలిక మెమరీ దొంతర మీద దాచిపెట్టడానికి. బీలో ఉన్నది ఎల్‌లోకి పంపే 68, ఆపై 26 00, ఈఎఫ్ 07 45, కొత్త వరుసకి ఈఎఫ్ 2ఈ 45, దాచిన బీని తీసుకోవడానికి సీ1. ఆ తర్వాత 10. ఇప్పుడు వెనక్కి ఎంత? వాడు కాగితం మీద ఒక్కో బైటుకి గడి గీసి, పెన్సిల్‌తో వెనక్కి లెక్కపెట్టాడు. పదమూడు. మైనస్ పదమూడుని హెక్స్‌లో ఎలా రాయాలో నేను చెప్పలేదు. 256 లోంచి 13 తీసేస్తే 243, అది ఎఫ్3 అని వాడే రాశాడు.

సీ9 కొట్టి ఎంటర్ నొక్కాడు. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, వరుసగా ఒకదాని కింద ఒకటి. "అమ్మా, ఇప్పుడు దీన్ని పైకి లెక్కపెట్టించాలంటే?" అని అడుగుతూ కొత్త కాగితం తీసుకున్నాడు.