కామెడీ క్లబ్‌లో ముందు టేబుల్: నా అనుభవం

నిన్న రాత్రి కామెడీ క్లబ్‌కి వెళ్ళొచ్చాం, ఒళ్ళు మండుతుండగానే రాసేస్తున్నా. టికెట్లు బుక్ చేయడం ఐదు నిమిషాల పని. రెండు షోలుంటే మొదటిదే తీసుకోండి, రెండోదానికి జనం అప్పటికే తాగేసి వస్తారు, మధ్యలో అరుపులు ఎక్కువ.

అసలు గోలంతా సీట్ల దగ్గరే. టికెట్ మీద సీటు నంబరేం ఉండదు, ముందొచ్చినవాళ్ళకి ముందు, అదీ గ్రూపంతా వస్తేనే లోపలికి. ఈ సంగతి అందరికీ మరీ మరీ మెసేజ్ పెట్టా. మా బావగారు మాత్రం "వచ్చేశా, వచ్చేశా" అంటూనే ఉన్నారు. తలుపు దగ్గర కుర్రాడు మమ్మల్ని గోడ పక్కన నిలబెట్టి మా వెనకొచ్చిన వాళ్ళందర్నీ పంపించేస్తున్నాడు, అడిగితే "రూల్ సార్" అంటాడు, మొహం కూడా చూడడు. లైట్లు ఆర్పే టైంకి జాలిపడి వదిలాడు, ఫోన్లు సంచుల్లో పెట్టి తాళం వేసేశారు, ఇంక బావగారికి ఫోన్ చేసే దారీ లేదు. మిగిలింది స్టేజీకి ఆనుకున్న టేబులే, కావాలని ఎవ్వరూ కూర్చోనిది.

హోస్ట్ రాగానే మా ఖాళీ కుర్చీ మీద కన్నేశాడు. "ఇక్కడెవరు?" అంటే "మా బావగారండీ, పార్కింగ్‌లో ఉన్నారు" అన్నా. అంతే, ఆ కుర్చీకి వంగి నమస్కారం పెట్టి, "ఏం బావా, చిక్కిపోయావ్" అని కుశలం అడిగి, హాలంతా పడీ పడీ నవ్వుతుంటే నేను మెనూ కార్డు చదువుతూ కూర్చున్నా. మధ్యలో నేనూ ఒక పంచ్ వేశా, నిజంగా బావుంది, కానీ మైక్ ఆయన చేతిలో ఉంది కదా, ఎవరికి వినబడుతుంది! తర్వాత స్టేజీ ఎక్కిన కమెడియన్ ఆమె కూడా కుర్చీని వదల్లేదు. సరిగ్గా అప్పుడే బావగారు వంగుకుంటూ వచ్చారు, హాలంతా ఒకటే చప్పట్లు, ఆయన చెయ్యి కూడా ఊపారు.

హెడ్‌లైనర్, అంటే చివర్లో వచ్చే మెయిన్ కమెడియన్, మాత్రం బంగారం, దాదాపు గంటసేపు, మా వైపు చూడను కూడా చూడలేదు.

చాలా క్లబ్బుల్లో టికెట్ కాకుండా మనిషికి 2 డ్రింకులు తప్పనిసరి, మందు తాగకపోయినా సోడానో జ్యూసో తీసుకోవాల్సిందే, ముందే కనుక్కోండి. బిల్లేమో షో అయ్యాక కాదు, చివర్లో జోకులు మంచి ఊపులో ఉన్నప్పుడు చీకట్లో తెచ్చి పెడతారు. అప్పుడు లెక్కలేస్తూ కూర్చోకుండా ఎవరో ఒకరు కట్టేసి తర్వాత పంచుకోండి. నేనే కట్టా, బావగారి వాటా ఇంకా రాలేదు.