హెచ్‌ఓఏ లీన్ నుంచి ఇంటిని విడిపించుకోవడం: టెక్సాస్‌లో నా అనుభవం

టెక్సాస్‌లో సొంతింటికి హోమ్‌స్టెడ్ రక్షణ (ఉంటున్న ఇంటిని అప్పులవాళ్ల నుంచి కాపాడే చట్టం) ఉంది, ఎవరూ వేలం వేయలేరని మనవాళ్లు ధీమాగా చెబుతుంటారు. క్రెడిట్ కార్డు బాకీల వరకు నిజమే. హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) డ్యూస్‌కి, అంటే సంఘానికి కట్టాల్సిన రుసుములకి, మాత్రం అది అడ్డురాదు. కాలనీ డిక్లరేషన్ (నియమాల పత్రం) మనం ఇల్లు కొనకముందే కౌంటీలో రికార్డవుతుంది, లీన్ హక్కు, అంటే బాకీకి ఇంటిని హామీగా పట్టుకునే హక్కు, అందులోనే ఉంటుంది. అందుకే హోమ్‌స్టెడ్ కంటే అదే ముందని 1987లో ఇన్‌వుడ్ నార్త్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మనకు నిజంగా పనికొచ్చేది హెచ్‌ఓఏలకు హద్దులు పెట్టే రాష్ట్ర చట్టం, ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం.

ఉద్యోగం పోయి డ్యూస్ ఆగాక సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు వచ్చింది. బాకీ తీర్చడానికి అందులో 45 రోజుల గడువు ఇవ్వాలి. వాయిదాల ప్లాన్ ఆ గడువులోపే అడగాలి, దాటాక ఇవ్వకపోయినా చట్టం ఏమీ అనదు. 14 లాట్లకు (ఇళ్ల స్థలాలకు) మించిన సంఘమైతే కనీసం 3 నెలల ప్లాన్ ఇచ్చి తీరాలి, 18 నెలలకు మించి ఇవ్వనక్కర్లేదు. ఫోన్‌లో అడిగితే రుజువుండదు. నేను సర్టిఫైడ్ మెయిల్‌లోనే అడిగాను, అందినట్టు సంతకంతో తిరిగొచ్చిన ఆకుపచ్చ రసీదు కార్డు ఫైల్లో పెట్టుకున్నాను.

తర్వాత లెడ్జర్ (నా ఖాతా లెక్క) తెప్పించి వరసవరసా చూశాను. నేను కట్టిన చెక్కును ముందు గడ్డి కోయలేదన్న జరిమానాకి జమ వేసుకున్నారు! చట్టం ప్రకారం ముందు పాత డ్యూస్, ఆపైన ఇప్పటి డ్యూస్, తర్వాత లాయర్ ఖర్చులు. జరిమానాల వంతు వాటి తర్వాతే. ఇది చిన్న విషయం కాదు. ఒక్క జరిమానాలే మిగిలితే సంఘం ఫోర్‌క్లోజర్‌కి (బాకీ కోసం ఇంటిని వేలం వేయడానికి) వెళ్లకూడదు, అదే డ్యూస్ బాకీ ఉంటే వెళ్లొచ్చు. 209.0063 సెక్షన్ చూపిస్తూ రాశాక లెక్క సరిచేశారు. ప్లాన్‌లో ఒక్క వాయిదా తప్పినా ఈ వరస పాటించమని గట్టిగా అడగలేం, కాబట్టి కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి.

లీన్ రికార్డు చేయాలంటే ముందు రెండు నోటీసులివ్వాలి, వాటి మధ్య కనీసం 30 రోజులుండాలి, రెండోది పంపాక 90 రోజులు ఆగాలి. నోటీసుల తేదీలు రాసిపెట్టుకోండి. ఫోర్‌క్లోజర్‌కి కోర్టు ఉత్తర్వు కావాలి. ఒకవేళ వేలం జరిగిపోయినా, సంఘం ఆ సంగతి రాతపూర్వకంగా పంపిన రోజు నుంచి 180 రోజుల్లోపు డబ్బు కట్టి ఇల్లు వెనక్కి తెచ్చుకోవచ్చు.

బాకీ తీరాక ‘రిలీజ్ ఆఫ్ లీన్’ (లీన్ తీసేసినట్టు చెప్పే పత్రం) కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డయిందో లేదో మీరే చూసుకోవాలి. ఫ్రిస్కోలాంటి చోట కొన్ని ఇళ్లు కాలిన్ కౌంటీలో, కొన్ని డెంటన్‌లో ఉంటాయి. పన్ను బిల్లు ఏ కౌంటీదో చూసి అక్కడే వెతకండి.